ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ కనెక్టర్ విరిగిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కేబుల్ కాలికి తగిలి డ్రైవ్ పోర్టు ఊడొచ్చింది. ఫొటోలన్నీ పోయినట్టేనా?

చాలావరకు కాదు. పోర్టు అనేది డ్రైవ్‌కు గుమ్మం లాంటిది. గుమ్మం విరిగితే లోపలి సామాన్లకు ఏమీ కాదు. మీ ఫైళ్ళు డిస్క్ లోపలి పళ్ళేల మీద అయస్కాంత రూపంలో ఉంటాయి. యూఎస్‌బీ పిన్నులు వంగినా, టంకం విడిపోయినా వాటికి నష్టం ఉండదు.

నిజం చెప్పాలంటే, ఇలాంటి డ్రైవ్‌లలో డేటా పోయేది పోర్టు విరిగినప్పుడు కాదు, ఆ తర్వాత మనం టెన్షన్‌లో చేసే పనుల వల్ల. ఫార్మాట్ నొక్కడం, వైర్లు తారుమారు చేసి కరెంటు ఇవ్వడం, మూత తెరవడం లాంటివన్నమాట. కాబట్టి ముందు కేబుల్ తీసి డ్రైవ్‌ను పక్కన పెట్టి, ఇది మొత్తం చదవండి. ఆగినంత మాత్రాన డేటా ఎక్కడికీ పోదు.

ఒక్క మినహాయింపు. డ్రైవ్ తిరుగుతూ ఉండగా కిందపడితే, పోర్టుతో పాటు పళ్ళేల మీది డేటాను చదివి రాసే సన్నని భాగాలు, అంటే హెడ్లు కూడా దెబ్బతిని ఉండొచ్చు. దాన్ని గుర్తించేదెలాగో తర్వాతి ప్రశ్నలోనే ఉంది.

పోయింది కేబులా, పోర్టా, డిస్కా? తెలుసుకునేదెలా?

ముందు కేబుల్‌ను అనుమానించండి. మైక్రో యూఎస్‌బీని తయారుచేసినప్పుడే అరిగిపోయే స్ప్రింగ్ భాగాన్ని పోర్టులో కాకుండా కేబుల్ ప్లగ్‌లో పెట్టారు. పోయేదేదో తేలిగ్గా మార్చుకోగలిగే కేబులే పోవాలన్నది ఆలోచన. అందుకే వదులైనట్టు అనిపించిన డ్రైవ్ ఒక్కోసారి కొత్త కేబుల్‌తోనే బాగైపోతుంది. కేబుల్ పొట్టిది తీసుకోండి. పొడవు పెరిగేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. కంప్యూటర్ ముందువైపు పోర్టులు, హబ్బులు వద్దు. డెస్క్‌టాప్ అయితే వెనకాల, మదర్‌బోర్డు మీద నేరుగా ఉన్న పోర్టులో పెట్టండి.

తర్వాత చెవి పెట్టండి. డ్రైవ్ మృదువుగా తిరగడం మొదలై, చిన్న చప్పుడుతో స్థిరపడితే డిస్క్ బాగానే ఉన్నట్టు. లైటు వెలిగి డిస్క్ తిరుగుతున్నా కంప్యూటర్‌లో ఏమీ రాకపోతే, లేదా గుర్తు తెలియని పరికరం అని వస్తుంటే, కరెంటు పిన్నులు పనిచేస్తున్నాయి కానీ డేటా పిన్నులు పనిచేయడం లేదని అనుకోవచ్చు. ఇది పోర్టు విరిగిన డ్రైవ్‌లలో తరచుగా కనిపించే లక్షణం. లైటూ లేదు, చప్పుడూ లేదంటే కరెంటు పిన్ తెగిందో, బోర్డు కాలిందో చూడాలి.

'టక్... టక్... టక్' అని ఒకే లయలో కొట్టుకుంటే మాత్రం హెడ్ల సమస్య. సన్నగా కీచుమంటూ తిరగలేకపోతుంటే మోటారుకు కరెంటు చాలడం లేదు, లేదా హెడ్లు పళ్ళేనికి అతుక్కుపోయాయి. మరో కేబుల్, మరో పోర్టు ఒక్కసారి మార్చి చూడండి. అప్పటికీ అదే శబ్దమైతే ఆపేయండి. ఈ పేజీలో మిగతాది మీ కోసం కాదు. ఆ డ్రైవ్ డేటా రికవరీ ల్యాబ్‌కు వెళ్ళాల్సిందే.

కేబుల్‌ను ఒక కోణంలో పట్టుకుంటే పనిచేస్తోంది. అలాగే పట్టుకుని కాపీ చేసుకోనా?

ఊరిస్తుంది, అందుకే ప్రమాదం. కనెక్షన్ తెగిన ప్రతిసారీ డిస్క్‌కు హఠాత్తుగా కరెంటు పోతుంది. అప్పుడు అది ఇంకా తిరుగుతున్న మోటారు ఊపు నుంచే కాస్త కరెంటు పుట్టించుకుని హెడ్లను పక్కకు లాక్కుంటుంది. అత్యవసరానికి పెట్టిన ఏర్పాటు అది. నిమిషానికి నాలుగుసార్లు వాడుకోవడానికి కాదు. పైగా రాస్తున్న సమయంలో తెగితే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. ఫైల్ సిస్టమ్ అంటే డిస్క్ మీద ఫైళ్ళను అమర్చే పద్ధతి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతికి జర్నల్, అంటే చేస్తున్న మార్పుల చిట్టా ఉంటుంది కాబట్టి కొంత కోలుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతికి అదీ లేదు.

చేత్తో పట్టుకుని కూర్చోవడం వద్దు. డ్రైవ్‌నూ కేబుల్‌నూ ఒకే అట్టముక్క మీద ఉంచి, పనిచేసే కోణం దొరికాక రెండింటినీ టేపుతో కదలకుండా బిగించండి. పది నిమిషాలు తెగకుండా నిలబడితే అత్యంత ముఖ్యమైన ఫోల్డర్ ముందు కాపీ చేయండి. డ్రైవ్ నుంచి బయటికి కాపీ మాత్రమే. కట్, పేస్ట్ వద్దు, దాని మీద ఏదీ రాయకండి. రెండుసార్లు తెగిందంటే ఈ దారి వదిలేయండి.

ఫార్మాట్ చేయమని అడుగుతోంది. చేస్తే బాగవుతుందా?

వద్దు. 'డిస్క్‌ను ఇనిషియలైజ్ చేయాలి' అని అడిగినా వద్దే. కనెక్షన్ సరిగా లేక డిస్క్ మొదటి భాగం చదవలేకపోయినప్పుడు విండోస్‌కు అది ఖాళీ డిస్క్‌లా కనిపిస్తుంది, దానికి తెలిసిన పరిష్కారం చెబుతుంది. క్యాన్సిల్ నొక్కి కేబుల్ తీసేయండి. విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ కూడా ఇప్పుడు నడపొద్దు. అది సరిచేయడం పేరుతో డిస్క్ మీద రాస్తుంది. ఊగిసలాడే కనెక్షన్ మీద రాయడమంటే ఉన్నదీ చెడగొట్టుకోవడమే.

వెడల్పుగా, రెండు భాగాలుగా ఉండే పోర్టులో పాత ఫోన్ ఛార్జింగ్ కేబుల్ పడుతుందంటారు. నిజమేనా?

నిజమే. చాలామందికి తెలియని మంచి చిట్కా ఇది. ఆ పోర్టు పేరు యూఎస్‌బీ 3.0 మైక్రో బి. అందులో మొత్తం 10 పిన్నులు. పెద్ద భాగంలో ఉన్న 5 పిన్నులు పాత మైక్రో యూఎస్‌బీవే. చిన్న భాగంలో ఉన్న మరో 5 వేగం కోసం అదనంగా చేర్చినవి. పాత మైక్రో యూఎస్‌బీ కేబుల్‌ను పెద్ద భాగంలో పెడితే డ్రైవ్ యూఎస్‌బీ 2.0 లాగా పనిచేస్తుంది. చిన్న భాగం మాత్రమే విరిగి ఉంటే మీ సమస్య ఇక్కడితో తీరినట్టే.

వేగం సెకనుకు 5 గిగాబిట్ల నుంచి 480 మెగాబిట్లకు పడిపోతుంది. అంటే ఆచరణలో సెకనుకు 30-40 ఎంబీ. ఒక టీబీ డ్రైవ్ నిండా ఉంటే ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకోండి, కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్ళకుండా మాత్రం సెట్ చేయండి. ఛార్జింగ్‌కే పనికొచ్చే కేబుళ్ళు కొన్ని ఉంటాయి, వాటిలో డేటా వైర్లే ఉండవు. ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి ఫైళ్ళు కనిపిస్తున్నాయో లేదో ముందు చూసుకోండి.

టైప్ సి పోర్టు ఉన్న డ్రైవ్ అయితే ప్లగ్‌ను తిప్పి పెట్టి చూడండి. అందులో 24 పిన్నులు రెండు వరుసల్లో ఉంటాయి. ఒకవైపు వరుస దెబ్బతిన్నా రెండోవైపు పనిచేసే అవకాశం ఉంది.

కేస్ విప్పి లోపలి డిస్క్‌ను వేరే ఎన్‌క్లోజర్‌లో, అంటే యూఎస్‌బీ పోర్టున్న ఖాళీ పెట్టెలో పెట్టేస్తే?

మీ డ్రైవ్ లోపల ఏముందో దాన్ని బట్టి. కొన్నిటిలో మామూలు సాటా డిస్క్, అంటే కంప్యూటర్ లోపల నేరుగా కలిపే రకం ఉండి, దాని చివర ఒక చిన్న బోర్డు తగిలించి ఉంటుంది. యూఎస్‌బీని సాటాగా మార్చే ఆ బోర్డును బ్రిడ్జ్ అంటారు. విరిగిన పోర్టు దాని మీదే ఉంటుంది కాబట్టి బ్రిడ్జ్‌ను మెల్లగా లాగేసి, డిస్క్‌ను కొత్త ఎన్‌క్లోజర్‌లోనో డెస్క్‌టాప్ సాటా పోర్టుకో పెడితే పని అయిపోతుంది. టంకం వేసే ఐరన్ ముట్టుకోనక్కర్లేదు.

విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్ కాకుండా పాత ప్లాస్టిక్ కార్డు వాడండి. కేస్ చాలావరకు క్లిప్పుల మీదే నిలుస్తుంది. పోర్టు లేని వైపు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరగండి. ఒకటి రెండు క్లిప్పులు విరిగే తీరతాయి, బాధపడకండి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది ఎన్‌క్రిప్షన్. డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) కంపెనీ మై పాస్‌పోర్ట్, మై బుక్ మోడళ్ళలో చాలావాటిలో బ్రిడ్జ్ చిప్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య సంకేతాల్లోకి మార్చి రాస్తుంది. మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. అలాంటి డిస్క్‌ను నేరుగా సాటాకు కలిపితే అర్థం కాని బైట్లే కనిపిస్తాయి. డేటా పోలేదు, తాళంచెవి ఆ పాత బోర్డు దగ్గర ఉండిపోయిందంతే. కాబట్టి విరిగిన బ్రిడ్జ్ బోర్డును చెత్తబుట్టలో వేయకండి. పని మొత్తం అయ్యేదాకా దాచండి.

రెండోది సెక్టార్ల లెక్క. సెక్టార్ అంటే డిస్క్ ఒక్కసారికి చదివే చిన్న ముక్క. 2 టీబీ దాటిన కొన్ని పెద్ద డ్రైవ్‌లలో బ్రిడ్జ్ చిప్ 512 బైట్ల సెక్టార్లను 4096 బైట్లవిగా చూపిస్తుంది. బ్రిడ్జ్ తీసేశాక కంప్యూటర్ అసలు లెక్క చూస్తుంది, డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్‌తో పొంతన కుదరదు, డిస్క్ ఖాళీగా కనబడుతుంది. మళ్ళీ అదే ఫార్మాట్ ప్రశ్న. మళ్ళీ అదే జవాబు: వద్దు.

విప్పి చూస్తే సాటా లేదు. యూఎస్‌బీ పోర్టు డిస్క్ బోర్డు మీదే అతికి ఉంది.

ఇటీవలి 2.5 అంగుళాల పోర్టబుల్ డ్రైవ్‌లలో ఇది మామూలైపోయింది. మై పాస్‌పోర్ట్‌లలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి. ఒక బోర్డు, ఒక కనెక్టర్ తగ్గితే తయారీదారుకు ఖర్చు తగ్గుతుంది. రిపేర్ చేసేవాడికి మాత్రం తలనొప్పి. ఎన్‌క్లోజర్ మార్చే దారి మూసుకుపోయింది కాబట్టి మిగిలింది టంకమే.

కొత్త పోర్టు నేనే టంకం వేసుకోవచ్చా?

ఇంతకుముందు ఐరన్ పట్టి, సన్న పిన్నుల పని చేసి ఉంటే వేసుకోవచ్చు. ఇదే మొదటిసారి అయితే మీ పెళ్ళి ఫొటోలున్న డ్రైవ్ మీద నేర్చుకోకండి. మైక్రో బి పోర్టులో పాత భాగం పిన్నుల మధ్య దూరం 0.65 మిల్లీమీటర్లు. భూతద్దం లేకుండా ఇది అయ్యే పని కాదు. పాడైన ఫోన్ బోర్డు ఏదైనా ఉంటే దాని మీద ఛార్జింగ్ పోర్టు రెండు మూడు సార్లు తీసి వేసి చూడండి. చేయి కుదిరాక దీని దగ్గరకు రండి.

ముందుగా బోర్డును డిస్క్ నుంచి విడదీయాలి. నక్షత్రం ఆకారపు చిన్న స్క్రూలు, టీ5 లేదా టీ6 బిట్ కావాలి. బోర్డు అడుగున మోటారుకూ హెడ్లకూ తగిలే బంగారు రంగు ప్యాడ్లు ఉంటాయి, వాటిని వేలితో ముట్టుకోవద్దు. డిస్క్ మీద ఉండగానే ఐరన్ పెడితే ఆ వేడి కిందికి పోతుంది, జారిన టంకం చుక్క ఎక్కడ పడుతుందో చెప్పలేం. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి.

కొత్త పోర్టు కొనేటప్పుడు 'యూఎస్‌బీ 3.0 మైక్రో బి' అన్న పేరు సరిపోతే చాలదు. బోర్డులోకి సగం దిగి కూర్చునేదా, పైన కూర్చునేదా, పక్క కాళ్ళు ఎన్ని, ఎక్కడ అన్నవి పాతదానితో సరిపోవాలి. నేను ఒకసారి ఫొటో చూసి తెప్పించుకుంటే కాళ్ళు ఒక మిల్లీమీటరు తేడా వచ్చాయి. కాళ్ళను పట్టకారుతో వంచి కూర్చోబెట్టాలని చూసి, మంచి ప్యాడ్ ఒకటి లేపేశాను. కొలిచి కొనడం ఆ రోజే నేర్చుకున్నాను.

పాత పోర్టు తీయడంలోనే బోర్డులు పాడవుతాయి. ఫ్యాక్టరీలో వాడే సీసం లేని టంకం కరగడానికి 217 డిగ్రీలకు పైగా కావాలి. దాని మీద కాస్త సీసం ఉన్న టంకం, అంటే 63/37 (63 శాతం తగరం, 37 శాతం సీసం), కలిపితే తక్కువ వేడికే కరుగుతుంది. టంకం బాగా పారేలా చేసే ఫ్లక్స్ ధారాళంగా వేయండి. పక్క చిప్పులకు వేడి తగలకుండా క్యాప్టన్ అనే వేడిని తట్టుకునే టేపు అంటించండి. కరిగీ కరగకముందే లాగితే పోర్టుతో పాటు రాగి ప్యాడ్ కూడా లేచి వస్తుంది. పోర్టు దానంతటది తేలినట్టు కదిలితేనే ఎత్తాలి. తర్వాత రాగి అల్లిక విక్‌తో పాత టంకం పీల్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

కొత్తది పెట్టేటప్పుడు ముందు పిన్నులు ప్యాడ్ల మీద సరిగా కూర్చున్నాయో చూసుకుని, ఒక పక్క కాలికి చుక్క వేసి నిలపండి. మళ్ళీ భూతద్దంలో చూడండి. సరిగ్గా ఉంటే పిన్నులు, చివరగా మిగతా కాళ్ళు. కాళ్ళకు టంకం నిండుగా పట్టాలి. లాగుడు బరువంతా మోసేది అవే.

కంప్యూటర్‌కు కలిపే ముందు మల్టీమీటర్ తప్పనిసరి. 5 వోల్టుల పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ ఉందేమో చూడండి. పక్కపక్క పిన్నులు కలిసిపోలేదని కూడా. ఇది రెండు నిమిషాల పని.

ప్యాడ్లు లేచిపోయాయి. ఇక ఆశ లేదా?

ఉంది. యూఎస్‌బీ 2.0 నడవడానికి నాలుగు వైర్లు చాలు: 5 వోల్టులు, డేటా మైనస్, డేటా ప్లస్, గ్రౌండ్. పాత యూఎస్‌బీ కేబుల్ కోస్తే మామూలుగా అవే ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు రంగుల్లో కనిపిస్తాయి. ప్యాడ్ పోయినా దాని నుంచి వెళ్ళే రాగి గీత ఎక్కడో ఒక టెస్ట్ పాయింట్‌కో, చిన్న కెపాసిటర్‌కో, రక్షణ డయోడ్‌కో చేరుతుంది. అక్కడ వైరు అతికిస్తే పోర్టు లేకుండానే డ్రైవ్ లేస్తుంది. చూడ్డానికి ఆసుపత్రి మంచం మీద సెలైన్ ఎక్కించినట్టు ఉంటుంది కానీ పనిచేస్తుంది.

రెండు జాగ్రత్తలు. డేటా వైర్లు రెండూ తారుమారైతే డ్రైవ్ గుర్తుపట్టదంతే, మార్చి అతికిస్తే సరి. ఎరుపు, నలుపు తారుమారైతే బోర్డు కాలిపోవచ్చు. చవక కేబుళ్ళలో రంగులు నమ్మడానికి లేదు, మల్టీమీటర్‌తో ప్లగ్ పిన్ నుంచి వైరు దాకా తనిఖీ చేయండి. అలాగే కరెంటు వైర్లు మరీ సన్నవి వాడకండి. చిన్న డిస్క్ కూడా తిరగడం మొదలయ్యే క్షణంలో సుమారు ఒక యాంప్ దాకా లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లే, 3.0 పోర్టు 900. అందుకే వైర్లు నాలుగే ఉన్నా నీలం రంగు 3.0 పోర్టులోనే పెట్టండి.

అదే మోడల్ డ్రైవ్ ఇంకోటి కొని బోర్డు మార్చేస్తే సరిపోదా?

పాత రోజుల్లో సరిపోయేది. ఇప్పటి డిస్క్‌లలో ప్రతి దానికీ దాని హెడ్లకు తగ్గట్టు ఫ్యాక్టరీలో సరిచూసిన విలువలు బోర్డు మీది రోమ్ అనే శాశ్వత మెమరీలో ఉంటాయి. సాధారణంగా ఎనిమిది కాళ్ళ చిన్న చిప్ అది. కొన్నిటిలో ప్రధాన చిప్‌లోనే కలిసి ఉంటుంది. ఆ సమాచారాన్ని కొత్త బోర్డుకు మార్చకుండా పెడితే డిస్క్ లేవదు. పోర్టు ఒక్కటే విరిగినప్పుడు ఇంత దూరం వెళ్ళడం అనవసరం.

డిస్క్ సాటా కనెక్టర్ దగ్గరి ప్లాస్టిక్ విరిగింది, పిన్నులు మాత్రం ఉన్నాయి.

అయితే అదృష్టవంతులు. ఎల్ ఆకారపు ఆ ప్లాస్టిక్ పని పిన్నులకు ఆధారంగా నిలవడం. విరిగిన ముక్క సాటా కేబుల్ ప్లగ్‌లోనే ఇరుక్కుని ఉందేమో చూడండి, ఉంటే దాన్ని అక్కడే వదిలేసి, ప్లగ్‌ను నిటారుగా మెల్లగా తోస్తే పిన్నులు వాటి చోట్లలోకి వెళ్తాయి. డేటా వైపు 7, కరెంటు వైపు 15 పిన్నులు. ఒక్కసారి కుదిరాక కదిలించకుండా కాపీ చేసుకోండి.

సూపర్ గ్లూ వేసి అతికించొచ్చా?

పిన్నుల దగ్గర అసలు వద్దు. నీళ్ళలా పాకి లోపలి కాంటాక్టుల మీద పొరగా గట్టిపడుతుంది, తర్వాత టంకం కూడా పట్టదు. టంకం వేసి, పరీక్షించి, అంతా బాగుందనుకున్నాక పోర్టు బయటి లోహపు గోడల చుట్టూ కాస్త ఎపాక్సీ వేస్తే మాత్రం మంచిది.

డిస్క్ మూత తెరిచి లోపల ఒకసారి చూస్తే?

హెడ్‌కూ పళ్ళేనికీ మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లు మాత్రమే. మన కంటికి కనిపించని ధూళి కణం కూడా దాని ముందు బండరాయి. పైగా మీ సమస్య బయట ఉంది.

రిపేర్ చేసేవారి దగ్గరికి తీసుకెళ్తే ఏం చెప్పాలి, ఏం అడగాలి?

పోర్టు విరిగిందని, అంతకుముందు బాగానే పనిచేసిందని, కిందపడిందో లేదో, మీరు ఇప్పటికే ఏమేం ప్రయత్నించారో దాచకుండా చెప్పండి. సిగ్గుపడి దాచిన విషయం వల్లే సగం సమయం వృథా అవుతుంది. ఫోన్ ఛార్జింగ్ పోర్టులు రోజూ మార్చే మంచి చేయి ఉన్నవారు ఈ పని చక్కగా చేయగలరు. అయితే 'డేటా కావాలి, డ్రైవ్ కాదు' అని మొదటే స్పష్టంగా అనండి. లేకపోతే డ్రైవ్ 'పనిచేసేలా' చేయడమే రిపేర్ అనుకుని, ఫార్మాట్ చేసి నవ్వుతూ చేతిలో పెట్టేవారున్నారు. మీ కళ్ళముందే పోర్టు వేసి ఫోల్డర్లు తెరిచి చూపించగలరా అని అడగండి.

వారంటీ ఉంటే ఆశపడకండి. అది డిస్క్ మార్చి ఇవ్వడానికే, సాధారణంగా అందులో డేటాకు పూచీ ఉండదు. పంపిన డ్రైవ్ బదులు వేరేది, ఖాళీది వస్తుంది.

డ్రైవ్ లేచింది! ఇప్పుడేం చేయాలి?

ఆనందంగా సినిమాలు తెరిచి చూడకండి. మళ్ళీ సంపాదించలేనివి ముందు తీయండి: ఫొటోలు, ఇంటి వీడియోలు, పత్రాలు, లెక్కలు. ఇంకెక్కడైనా దొరికేవి చివరకు. మధ్యలో చదవలేని చోట్లు వస్తుంటే ఫైళ్ళ కాపీ ఆపి, డీడీరెస్క్యూ లాంటి సాధనంతో డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్‌కు నకలు తీయడం మేలు. అది ఎక్కడిదాకా చదివిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. కనెక్షన్ తెగినా అక్కడి నుంచే కొనసాగించొచ్చు. నకలు పడే డిస్క్ ఏదో రెండుసార్లు చూసుకోండి, తారుమారైతే ఖాళీ డిస్క్ మీ ఫొటోల మీద పడుతుంది.

బాగైన డ్రైవ్‌ను మళ్ళీ వాడుకోవచ్చా?

స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు చూసి చెప్పాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రామ్‌లో సీ7, అంటే సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో వచ్చిన తప్పుల) లెక్క ఎక్కువగా ఉంటే అది కనెక్షన్ తాలూకు పాత గాయం. పోర్టు మార్చాక ఆ అంకె పెరగకపోతే చాలు, తగ్గదు. 05, సీ5 వరుసల్లో సున్నా కాకుండా అంకెలు ఉంటే పళ్ళెం మీద చోట్లు పాడవుతున్నాయన్నమాట. దాన్ని నమ్మకండి. అన్నీ శుభ్రంగా ఉంటే రెండో కాపీ పెట్టుకోవడానికి వాడొచ్చు. నాలుగు వైర్లతో లేపిన డ్రైవ్‌ను మాత్రం కాపీ అయ్యాక విశ్రాంతికి పంపండి.

ఇంకోసారి విరగకుండా ఏం చేయాలి?

డ్రైవ్‌ను కేబుల్‌తో వేలాడనివ్వకండి. ల్యాప్‌టాప్ ఒడిలో, డ్రైవ్ మంచం మీద ఉంటే ఏదో ఒకరోజు పోర్టు చస్తుంది. కేబుల్‌ను డ్రైవ్ వైపు నుంచి తీసి పెట్టే బదులు, కంప్యూటర్ వైపు నుంచి తీయండి. అక్కడి పెద్ద పోర్టు గట్టిది. సంచిలో వేసుకునేటప్పుడు మాత్రం రెండు వైపులా తీసేయాలి. పోర్టులో ఉండిపోయిన ప్లగ్ సంచి గోడకు నొక్కుకుని మీటలా పనిచేస్తుంది. నా దగ్గరికి వచ్చిన విరిగిన పోర్టుల్లో ఎక్కువ భాగం కిందపడినవి కావు, ఇలా సంచిలో విరిగినవే.